మా ఆవిడ తుపాకికి మట్టం చూసిన సంగతి

3, సోమవారం

అరవాలనిపిస్తే ఇందులో అరవమని మా ఆవిడ ఈ డైరీ ఇచ్చింది. బస్ స్టాండులో టికెట్ల కౌంటర్లో పనిచేసేవాళ్లకి ఏటా ఒకటి ఇస్తారు. ఏటా అది మా ఇంట్లో వేడి గిన్నెల కింద పెట్టుకోవడానికి పనికొచ్చేది, ఈసారి నా పాలపడింది. కాలికి పిండికట్టుతో ఇంట్లో కూర్చున్నవాడికి, ఎదురింటి పిట్టగోడ వంకరగా ఉందని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెళ్లానికి చెప్పే హక్కు లేదట.

గోడ వంకరగానే ఉంది. రాసి పెడుతున్నాను.

4, మంగళవారం

చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ సైట్లో పడ్డానని చెబుతున్నాను. అబద్ధమేం కాదు. సైటు ఆఫీసు కూడా సైటే. లిఫ్టులు బిగించేవాడు కాలు విరగ్గొట్టుకున్నాడంటే జనానికి వెంటనే పన్నెండో అంతస్తు కళ్లముందు కనిపిస్తుంది. అయ్యో అంటారు. కనిపించనీ, మనదేం పోయింది.

అసలు సంగతి ఇందులో రాసుకోవచ్చు, ఎవరూ చూడరు గనక. ఆఫీసు గోడ మీద గడియారం వంకరగా ఉంది. నెల్లాళ్లుగా ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. కుర్చీ ఎక్కి సరిచేశాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు, నేనెక్కిన కుర్చీకీ మూడే. గడియారం మాత్రం తిన్నగా వచ్చింది. పడేముందు చూశాను.

6, గురువారం

మేనేజరు ఫోన్ చేశాడు. నా లిఫ్టు షాఫ్టులన్నీ కొత్త ఇంజనీరు చూసుకుంటున్నాడట. లేజర్ పెట్టేసి, గంటలో పట్టాలకి నిలువు చూసేసి, కింద టీ తాగుతున్నాడట. నేనైతే పైనుంచి కింద దాకా దారం దించి, చివర గుండు కట్టి, అది ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ని. ఆ గుండు ఆగిన క్షణం ఎంత బాగుంటుందో లేజర్ గాళ్లకేం తెలుసు.

"మీరు నెమ్మదిగా రండి. వచ్చాక ఆఫీసులో కూర్చునే పనేదైనా చూద్దాంలెండి," అన్నాడు.

సరేనన్నాను. దీని గురించి ఆలోచించడం లేదు. మా ఆవిడకీ చెప్పలేదు. ఫోన్ మాట్లాడేటప్పుడు అత్తగారు పక్కనే ఉన్నారు గానీ ఆవిడకి చెవుడు.

8, శనివారం

మా ఆవిడ బల్ల మీద పాత దుప్పటి పరిచి తుపాకి తుడుచుకుంది. గాలితో పేలే తుపాకే అనుకోండి, అయినా బీరువాలో పెట్టి తాళం వేసుకుంటుంది, ఆ తాళం మీద నాకంటే ఎక్కువ నమ్మకం. ఆరేళ్లుగా ఆదివారం ఆదివారం క్లబ్బుకి వెళుతోంది. అక్కడ పొలంలో దగ్గరా దూరమూ రేకు బొమ్మలు నిలబెడతారు. ఒక్కో బొమ్మలో ఒక్కో చిల్లు. చిల్లులోంచి దూరితే బొమ్మ వెనక్కి పడుతుంది. రేకుకి తగిలితే టంగుమని మోగి, నిలబడి మనల్నే చూస్తుంది. నేను పెళ్లిలో చూసిన మనిషి ఇలాంటి ఆటలో దిగుతుందని కలలో కూడా అనుకోలేదు. నాకేం అభ్యంతరం లేదు. నాకేం కుళ్లు కూడా లేదు.

ముప్ఫయ్యో తారీకు ఆదివారం సెలెక్షను. నలుగురి జట్టులో మూడు చోట్లు అయిపోయాయి. మిగిలిన ఒక్కదానికి మా ఆవిడా, పళ్ల డాక్టరమ్మా పోటీ. వచ్చే ఏడాది నుంచి కౌంటర్లో ఆదివారాలు కూడా డ్యూటీ వేస్తారట.

"ఈసారి కాకపోతే ఇంక ఎప్పటికీ కాదండీ," అంది, గొట్టంలోకి చూస్తూ. మామూలుగానే అంది. కానీ ఆమె మామూలుగా అన్నప్పుడే జాగ్రత్తగా వినాలి.

వింటూనే ఉన్నాను, మధ్యలో నా కళ్లు గురిచూసే దుర్భిణి, అదే స్కోపు, దాని మీద పడ్డాయి. పడ్డాక ఇంక ఏమీ వినిపించలేదు. తుపాకి బల్ల మీద ఏ పక్కకీ ఒరగకుండా నిటారుగా ఉంది. దాని నెత్తిన ఉన్న స్కోపు కుడిపక్కకి తిరిగిపోయి ఉంది. పైన నడినెత్తిన ఉండాల్సిన గుండ్రటి మీట, చెవి వైపు జారిన టోపీలా ఉంది.

"ఇదెవరు బిగించారు?"

"కోచ్ గారు."

"కళ్లు మూసుకునా?"

"ఆయనకి తెలుసులెండి," అని దుప్పటి మడిచేసింది.

కోచ్ అంటే మెయిన్ రోడ్డు మీద పెయింటు షాపాయన. రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు, ఆ పదీ మా ఆవిడ ఇంటికొచ్చి నాకు అప్పజెబుతుంది. కోచ్ గారు అలా అన్నారు, కోచ్ గారు ఇలా అన్నారు. రంగులు కలుపుకునేవాడికి మట్టం సంగతి ఏం తెలుసు? నాకు కుళ్లు లేదని పైనే రాశాను.

9, ఆదివారం

ఆ స్కోపే గుర్తొస్తోంది.

10, సోమవారం

ఎంత మంచి రోజు.

మా ఆవిడ డ్యూటీకి వెళ్లగానే బీరువా తాళం తీశాను. తుపాకిలో ఏమీ లేదని చూసుకున్నాను. మళ్లీ చూసుకున్నాను. భోజనాల బల్లకి సామాను పట్టి ఉంచే నా చిన్న వైసు బిగించి, దవడల మధ్య రెండు పాత చెప్పుల అట్టలు పెట్టి, తుపాకిని నొప్పి పుట్టకుండా పట్టించాను. బల్ల ఎలాగూ మట్టంలో లేదు, పెళ్లయినప్పటి నుంచీ లేదు. ఒక కోడు కింద కాగితం మడిచి పెట్టాను. తుపాకి వీపు మీద ఉన్న చదును మీద రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యకి వచ్చేదాకా అటూ ఇటూ జరిపాను. తర్వాత వరండా చివర గుమ్మం పైచెక్కకి మేకు కొట్టి, తెల్లదారం వేలాడదీసి, కింద నా ఇత్తడి గుండు కట్టాను. ఊగింది, ఊగింది, ఆగింది. ఆ గుండు ఆగడం చూసి ఎన్నాళ్లయిందో.

స్కోపులోంచి చూస్తే లోపల రెండు గీతలు కనిపిస్తాయి, ఒకటి అడ్డం, ఒకటి నిలువు. నిలువు గీత దారం మీద కూర్చోవాలి. అది కుడికి వాలి ఉంది. వాలదూ మరి. స్కోపుని పట్టి ఉంచే రింగుల స్క్రూలు వదులుచేసి దాన్ని వేలితో మెల్లగా తిప్పితే గీత వచ్చి దారం మీద పడుకుంది. కానీ అక్కడే అందరూ బోల్తాపడేది. స్క్రూ బిగిస్తుంటే స్కోపు దాంతోపాటు తిరుగుతుంది. ఒక పక్కది పూర్తిగా బిగించి రెండో పక్కకి వెళితే సంగతి అయిపోయినట్టే. ఇటు కాస్త, అటు కాస్త, ఎదురుమూలకి కాస్త, మళ్లీ చూడాలి. గట్టిగా బిగించేస్తే గొట్టం నొక్కుకుపోతుంది, బలం చూపించే చోటు కాదది. నాలుగుసార్లు విప్పాను. అయిదోసారి కూర్చుంది.

అత్తగారు మధ్యలో వచ్చి, "అన్నం చల్లారిపోతోంది బాబూ," అన్నారట. నాకు వినపడలేదు.

మా ఆవిడ రాగానే చూపించాను. బ్యాగు భుజానికి ఉండగానే తుపాకి తీసుకుని, ఒకసారి భుజానికి ఆనించి, స్కోపులోంచి చాలాసేపు చూసింది. దించింది. నన్ను చూసింది.

"మీరే బిగించారా?"

"ఇంకెవరు? ఆ వంకర చూడలేకపోయాను."

"ఎంతసేపు పట్టింది?"

"పొద్దుటినుంచీ."

"మధ్యాహ్నం ఏం తిన్నారు?"

అప్పుడు గుర్తొచ్చింది, తినలేదు. మా ఆవిడ నవ్వింది. కట్టు వేసినప్పటినుంచీ కూరలో ఉప్పు ఎక్కువ, అన్నం మెత్తన అని రోజూ సణిగేవాణ్ని కదా, తిండే మర్చిపోయానంటే నవ్వు రాదూ.

"బాగుందండీ," అంది. తుపాకి లోపల పెట్టేసింది.

ఈ ఇంట్లో ఇన్నేళ్లకి ఒక్క వస్తువు తిన్నగా ఉంది.

16, ఆదివారం

క్లబ్బులో కొత్తగా గురి సరిచూసుకుందట. దగ్గర బొమ్మలు పడ్డాయి. దూరంవి పడలేదు. కొట్టినవి ఎక్కువభాగం ఎడమపక్కకి పోయాయట.

గాలి. ఇవాళ ఇక్కడ కూడా కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి.

17, సోమవారం

గాలి గురించి చెప్పాను. వింది. గుళ్లు కొత్త డబ్బాలోవేమో చూడమన్నాను. చూస్తానంది. "ఆడలేక మద్దెల ఓడని మాత్రం అనకు," అని కాస్త వెక్కిరించాను కూడా. "అననండీ," అంది.

అత్తగారు తన కుర్చీలోంచి నన్ను అదోలా చూశారు. చెవుడున్నవాళ్లకి చూపు ఎక్కువ.

18, మంగళవారం

మా ఆవిడకి మెడ నొప్పి. దిండు ఎత్తు ఎక్కువైంది. నేను ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాను.

19, బుధవారం

పల్చటి దిండు తెప్పించాను. నేనే ఫోన్ చేసి, రంగు కూడా నేనే చెప్పాను.

20, గురువారం

డ్యూటీ నుంచి రాగానే ఖాళీ తుపాకితో వరండాలో చిన్న మెత్త వేసుకుని కూర్చుంటోంది. మోకాళ్ల మీద తుపాకి ఆనించి, ఎదురుగోడ మీద చుక్క చూస్తూ అరగంట. తల నిటారుగా పెట్టుకుని, గొంతు దగ్గర నరం పైకి తేలేలా. కూర్చునే పద్ధతి మార్చుకుంటోందట. పెయింటాయన చెప్పి ఉంటాడు. సెలెక్షను పది రోజులుందనగా పద్ధతి మార్పిస్తాడా ఎవరైనా? అడిగితే, "ఆయన కాదు, నేనే," అంది. వెనకేసుకొస్తోంది.

తర్వాత వేడినీళ్ల సంచీ మెడ కింద పెట్టుకుని పడుకుంది.

21, శుక్రవారం

దిండు పనిచేయలేదు.

23, ఆదివారం

క్లబ్బులో ఇద్దరినీ కలిపి ఆడించి చూశారట. పళ్ల డాక్టరమ్మ ఎక్కడో ఉంది, మా ఆవిడ ఎక్కడో ఉంది. దూరం బొమ్మలు ఆరు వదిలేసింది. మా ఆవిడ, ఆరు!

రాగానే మొహం కడుక్కుని పడుకుంది. నేను మంచం పక్కన కర్ర ఆనించి కూర్చున్నాను. వంకర గోడల గురించైతే ఎంతసేపైనా చెప్పగలను.

"పోతే పోయింది లెండి," అంది, గోడ వైపు తిరిగి. "ఆటేగా."

ఆరేళ్లు. ఎండనక వాననక. నాకు ఒళ్లు మండిపోయింది. తుపాకి మాత్రం మట్టంలో ఉంది, అది నా చేతిమీదుగా అయిన పని, దాన్ని అనడానికి లేదు. మరి తప్పు ఎక్కడున్నట్టు? నేర్పేవాడి దగ్గర. బుధవారం సాయంత్రం ప్రాక్టీసుకి నేనూ వెళతాను. ఆ పది మాటల మనిషిని పదకొండోది మాట్లాడిస్తాను.

26, బుధవారం

ఆటో మాట్లాడుకుని మా ఆవిడకి చెప్పకుండా క్లబ్బుకి వెళ్లాను. చేతికర్ర, పిండికట్టు, గడ్డిలో గుంటలు. చేరేసరికి కోపం సగం ఖర్చయిపోయింది.

మా ఆవిడ నాకు వీపు చూపించి కూర్చుని ఉంది, మోకాళ్ల మీద తుపాకి. నేను సరిగ్గా వెనక నిలబడ్డాను. ముప్ఫయ్యేళ్లుగా నిలువు పట్టాల మధ్య నిలబడి వాలు కనిపెట్టి బతికినవాణ్ని. అక్కడ ఏం చూడాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తుపాకి నిటారుగా ఉంది. మా ఆవిడే లేదు.

కుడి భుజం పైకి లేచిపోయి ఉంది. మెడ బిగుసుకుని ఉంది. చెంప తుపాకి మీద ఆనీ ఆననట్టు, ఎవరో వెనకనుంచి తల పట్టుకుని నిలబెట్టినట్టు. ఈమెకి తల ఎడమకి వాలేది కదా? కౌంటరు అద్దానికి మాట వినిపించే కన్నం ఆ పక్క కింద ఉంటుంది. ప్రయాణికులు గొణిగేది వినడానికి తల అటు వాల్చీ వాల్చీ, మంచినీళ్లు తాగేటప్పుడు కూడా అలాగే తాగుతుంది. పెళ్లిఫోటోలో మాత్రం తిన్నగా ఉంది, అప్పటికి ఉద్యోగం రాలేదు.

దగ్గర బొమ్మ పడింది. దూరందానికి పైన మీట తిప్పి ఎత్తు పెంచుకుంది. ఊపిరి వదిలింది. ఆ వదలడంతో భుజం దిగింది, మెడ తన దారిన తాను వాలింది, తుపాకి కూడా దాంతోపాటు వాలింది. టంగుమంది. బొమ్మ నిలబడి చూస్తోంది.

కోచ్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను తయారుచేసుకొచ్చిన మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"స్కోపు మొదట అలా వంకరగా ఎందుకు బిగించారు?" అన్నాను.

"తుపాకి వాలినా ఫర్వాలేదండి. గీత వాలకూడదు."

ఇంకో నాలుగు మాటలు ఖర్చుపెట్టాడు. మనిషికి ఎలా ఒదిగితే అలా పట్టుకోనిచ్చి, అప్పుడు గీత నిలువుగా పెట్టాలట. గీత వాలి ఉంటే, దూరానికి పెంచిన ఎత్తు కూడా ఆ వాలు వెంటే పోతుందట. అందుకే ఎడమకి. వినగానే అర్థమైంది. షాఫ్టులో పైన దారం కట్టిన చోటు తప్పయితే కింద గుండు ఎంత నిక్కచ్చిగా నిలబడినా ఏం లాభం.

"మరి చూస్తూ ఊరుకున్నారేం? పది నిమిషాల పనేగా?"

"ముట్టుకోవద్దన్నారు."

"ఎవరు?"

మా ఆవిడ వైపు చూశాడు. "మావారు బిగించారు, అలాగే ఉండనివ్వండి, నేనే అలవాటు చేసుకుంటాను అన్నారు."

ఇవాళ్టికి ఆయన పది మాటలూ దాటిపోయాయి.

26, అదే రోజు

ఇంటికొచ్చాక అయిన గొడవ.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

పొయ్యి మీద మంట తగ్గించింది. "మీరు చూపించిన రోజే. స్కోపులోంచి చూడగానే."

"మరి చెప్పాలా వద్దా?"

"ఎలా చెప్పమంటారు? కాలు విరిగినప్పటినుంచీ మీకు గోడా, కిటికీ, కూరలో ఉప్పూ తప్ప ఇంకో మాట లేదు. ఆ రోజు పొద్దుటినుంచీ అన్నం కూడా మర్చిపోయి ఒక పని చేశారు. గుమ్మంలోనే మీ మొహం వేరేగా ఉంది. అది వంకరండీ అని నేనెలా అనేది?"

"అంటే నామీద జాలిపడ్డావు."

"పడ్డాను. నా మొగుడి మీద నేను జాలిపడటానికి ఎవరి పర్మిషన్ కావాలి?"

"నీ సెలెక్షను పోతుంది. తెలుసా?"

"మెడ అలవాటు పడుతుందనుకున్నాను. పడలేదు."

నేను అరిచాను. ఈ డైరీ ఇచ్చిందే అందుకైనా, నోటితోనే అరిచాను. నన్ను చిన్నపిల్లాణ్ని చేశావన్నాను. పనికిరాని వాడికి చిలక్కొయ్య చేయమని చెక్కముక్క ఇచ్చినట్టు, నీ తుపాకి నా ముందు పడేశావా అన్నాను. అప్పుడు అత్తగారు కుర్చీలోంచి, "ఆఫీసులో కూర్చోబెడతామన్నారట కదా బాబూ. అమ్మాయికీ తెలుసు. దాని బాధ దానిది," అన్నారు.

ఆవిడకి చెవుడు లేదు. ఉన్నా ఆ రోజు మాత్రం లేదు. ఈ ఇంట్లో అందరికీ చెవులున్నాయి, నోళ్లే లేవు.

తర్వాత వరండాలో కూర్చున్నాను. కోపం ఆమె మీద కాదని అక్కడ తెలిసింది. నాకోసం ఆరేళ్ల కష్టం వదులుకోవడానికి సిద్ధపడింది, అదీ మెడ కింద వేడినీళ్ల సంచీ పెట్టుకుని, నేను తెప్పించిన దిండు బాగుందని చెబుతూ. నేనైతే ఆమె కోసం ఒక గడియారం వంకరగా ఉన్నా వదిలిపెట్టేవాణ్ని కాదు. సిగ్గేసింది. ఇంత ప్రేమ నా ఇంట్లో ఉండగా నేను ఎదురింటి గోడ చూస్తూ కూర్చున్నాను.

లోపలికి వెళ్లి, "రేపు డ్యూటీ నుంచి తొందరగా రా. విప్పి మళ్లీ బిగిద్దాం," అన్నాను. సరేనంది. అన్నం మెత్తనైంది. ఏమీ అనలేదు.

27, గురువారం

మేకు అక్కడే ఉంది. దారం కట్టి గుండు వేలాడదీశాను. ఈసారి వైసు లేదు, రసమట్టం లేదు, బల్ల లేదు. మెత్త మీద మా ఆవిడ, మోకాళ్ల మీద తుపాకి. ఖాళీదే, ఇద్దరం చూశాం. నేను కట్టు కాలు చాపుకుని ఆమె పక్కన నేలమీద, చేతిలో స్క్రూలు తిప్పే అలెన్ కీ.

"నీకెలా వస్తే అలా పట్టుకో," అన్నాను.

పట్టుకుంది. నిటారుగా వచ్చింది. పదిహేను రోజులు కూర్చుని నేర్చుకున్నది ఊరికే పోతుందా? మెడ వదిలెయ్ అంటే ఇంకా బిగుస్తోంది. కళ్లు మూసుకోమన్నాను. బిగుసుకునే మూసుకుంది.

"ఎలా వచ్చేదో మర్చిపోయానండీ," అంది. మొదటిసారి ఆమె గొంతులో భయం విన్నాను.

నాకూ భయమేసింది. తర్వాత ఆమె ఎడమపక్కకి జరిగి, బాగా కింద నుంచి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగాను.

"అమ్మా, పొద్దుటి బస్సుకి రెండు."

"ఆఁ?"

"పొద్దుటి బస్సుకండీ. కిటికీ పక్క."

"ఎక్కడికి?" అంది. తల వాలింది. చెంప తుపాకి మీదకి దిగింది, భుజం దిగింది, తుపాకి ఆమెతోపాటు ఒదిగి ఎడమకి ఒరిగింది. ఏ మూలా బిగువు లేదు.

"కదలకు. అదే. అలాగే ఉండు."

నవ్వు ఆపుకుంటోంది, తుపాకి సన్నగా వణుకుతోంది. నవ్వితే టికెట్లు వాపసిస్తానన్నాను. మొత్తానికి సర్దుకుంది. కళ్లు తెరిచి స్కోపులోంచి గుమ్మం వైపు చూసింది.

"గీత ఎలా ఉంది?"

"దారానికి ఎడమకి వాలింది."

స్కోపుని కుడికి తిప్పాను, గోరంత. "ఇప్పుడు?"

"ఇంకొంచెం. ఇంకా. ఎక్కువైంది. వెనక్కి. ఆఁ, అక్కడే."

నాకు ఏమీ కనిపించదు. మట్టం చూసేది ఆమె, చెయ్యి మాత్రం నాది. ఇన్నేళ్ల పనిలో ఇంకొకరి కన్ను నమ్మి స్క్రూ తిప్పలేదు. ఇటు కాస్త, అటు కాస్త, ఎదురుమూలకి కాస్త, ప్రతి తిప్పుకీ అడిగాను, ప్రతిసారీ చెప్పింది. మధ్యలో మెడ మర్చిపోతే మళ్లీ ప్రయాణికుణ్నయ్యాను. ఆఖరికి అత్తగారు కూడా తన కుర్చీలోంచి ఒక టికెట్ అడిగారు.

అయ్యాక తుపాకి బల్ల మీద నిలబెట్టి చూశాను. స్కోపు కుడిపక్కకి తిరిగి, అచ్చం పెయింటాయన బిగించినట్టే ఉంది. నా చేత్తో అంత వంకర పని ఎప్పుడూ చేయలేదు. చూస్తుంటే చేతులు దురద పుట్టాయి. దుప్పటి కప్పేశాను.

29, శనివారం

మా ఆవిడ సెలవు పెట్టి, క్లబ్బులో గురి మళ్లీ సరిచూసుకుంది. దగ్గర, మధ్య, దూరం మూడూ అట్ట మీద ఒకే నిలువులో పడ్డాయి. కోచ్ ఆ అట్ట నాకు తెచ్చి చూపించి, "బాగుంది," అన్నాడు. మంచి మనిషే.

మెడ నొప్పి లేదట. పల్చటి దిండు నేనే వాడుకుంటున్నాను.

30, ఆదివారం

వెళ్లాను. రావద్దంటుందేమో అనుకున్నాను గానీ తానే ఆటో పిలిచింది. తాడుకి ఇవతల కుర్చీ వేశారు. నాలుగు కాళ్లూ చూసుకునే కూర్చున్నాను.

మొదట్లో దగ్గర బొమ్మే ఒకటి వదిలేసింది. దగ్గరది పోయిందంటే అది తుపాకి కాదు, కంగారు. కానీ కంగారుకి స్క్రూలుండవు కదా, ఇక్కణ్నుంచి నేనేం చేయను? పళ్ల డాక్టరమ్మ ఒకటి ముందుంది, ప్రశాంతంగా, ఎవరిదో పన్ను చూస్తున్నట్టు కొడుతోంది. సగం అయ్యేసరికి గాలి మొదలైంది. ఈసారి నిజం గాలే. డాక్టరమ్మ దూరంవి రెండు వదిలింది. మా ఆవిడ మీట తిప్పుకోవడం, తల వాల్చడం, ఊపిరి వదలడం, అంతే. పడింది. మళ్లీ పడింది. టంగుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, ఒక్కసారి కూడా రాలేదు. చివరి రెండూ అన్నిటికంటే దూరం, చెట్ల నీడలో. అవీ పడ్డాయి.

ఒక్క బొమ్మ తేడా. మా ఆవిడ జట్టులోకి వచ్చింది. పళ్ల డాక్టరమ్మ వచ్చి చెయ్యి కలిపింది, నా కట్టు చూసి ఏ అంతస్తు నుంచి పడ్డారని అడిగింది. గడియారం నుంచి అని చెప్పాను.

ఎంపికైన నలుగురి తుపాకులూ పరీక్ష చేయడానికి బయటినుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మూడు చూసి పక్కన పెట్టాడు. మా ఆవిడది బల్ల మీద నిలబెట్టి, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి వంగి చూశాడు.

"ఇదెవరు బిగించారండీ, ఇంత వంకరగా?"

చుట్టూ పదిమంది ఉన్నారు. కోచ్ నా వైపు చూశాడు. తానే బిగించానని ఆయన ఒక్క మాట అంటే అయిపోయేది, నాకు తెలుసు, ఆయన అనడానికి సిద్ధంగానే ఉన్నాడు. నేను కర్ర ఊతంతో లేచాను.

"నేనేనండీ. లిఫ్టులు బిగిస్తాను."

"లిఫ్టులు కూడా ఇలాగే బిగిస్తారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "బల్ల మీద వంకరేనండీ. దాన్ని ఆడేది బల్ల కాదుగా. మా ఆవిడ చేతికిచ్చి చూడండి," అన్నాను.

పెద్దాయన తుపాకి ఆమెకిచ్చాడు. ఖాళీ అని చూసి, గడ్డిలో కూర్చుని, మోకాళ్ల మీద ఆనించి తల వాల్చింది. పెద్దాయన వెనక్కి వెళ్లి నిలబడి చాలాసేపు చూశాడు. కళ్లజోడు దించుకుని సంతకం పెట్టాడు.

మా ఆవిడ ఇంకా లేవలేదు. కన్ను స్కోపులోంచి తీయకుండానే, "ఏవండీ, నిలువుగా ఉందా?" అంది. స్కోపులోంచి చూస్తున్నది తానే, అడుగుతున్నది నన్ను.

"ఉంది," అన్నాను.

నిజానికి నాకు తుపాకీ కనిపించలేదు, స్కోపూ కనిపించలేదు. కళ్లనిండా నీళ్లున్నాయి. చూడకుండా మట్టం సరిపోయిందని చెప్పడం నా సర్వీసులో ఇదే మొదటిసారి.